క్రీడా పుస్తకాల ఎంపిక: ఆత్మకథా, జీవితచరిత్రా, ఒక్క మ్యాచ్ కథా, ఆట చరిత్రా?

ఆటల మీద ఒక పుస్తకం చదవాలనుకున్నవారిలో చాలామంది ముందుగా తమ అభిమాన క్రీడాకారుడి పేరు వెతుకుతారు. ఆ పేరున్న అట్ట కనిపించగానే ఎంపిక పూర్తయిందనుకుంటారు. అయితే ఒకే క్రీడాకారుడి గురించి ఆయనే చెప్పుకున్న కథ ఒకటి, మరొకరు ఏళ్ల తరబడి శోధించి రాసిన చరిత్ర ఒకటి, ఆయన ఆడిన ఒకే ఒక మ్యాచ్ మీద వచ్చిన గ్రంథం ఒకటి, ఆయన ఆడిన ఆట పుట్టుపూర్వోత్తరాల సంపుటం ఒకటి ఉంటే, ఆ నాలుగూ చదివినవారికి నలుగురు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. కాబట్టి ఎవరి గురించిన పుస్తకం అన్న ప్రశ్న కన్నా ముందు, అది ఏ కోవకు చెందిన పుస్తకం అని అడగడం అవసరం.

నా మొగ్గు ఎటో మొదటే చెప్పడం న్యాయం. ఒక్క పుస్తకమే చదివే తీరిక ఉన్నవారు ప్రసిద్ధుల ఆత్మకథను పక్కన పెట్టి, ఒక్క మ్యాచ్‌కో ఒక్క సీజన్‌కో పరిమితమైన పుస్తకాన్ని ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. ఇది అందరికీ వర్తించే మాట కాదు. ఎవరికి వర్తించదో కూడా కింద రాశాను.

## ముందుగా చూడవలసిన నాలుగు విషయాలు

మొదటిది, కథ చెబుతున్నది ఎవరు, ఎప్పుడు చెబుతున్నారు అన్నది. ఇంకా ఆడుతున్న క్రీడాకారుడికి సహచరులు ఉంటారు, బోర్డు ఉంటుంది, ప్రకటనల ఒప్పందాలు ఉంటాయి. వాటిలో దేన్నీ నొప్పించకుండా రాసిన పుస్తకంలో చెప్పనివే ఎక్కువగా ఉంటాయి. సైక్లింగ్ క్రీడాకారుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2000లో వెలువరించిన ఆత్మకథను క్యాన్సర్‌ను జయించి టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన మనిషి కథగా ప్రపంచమంతా చదివింది. 1999 నుండి 2005 దాకా ఆయన గెలిచిన ఏడు టైటిళ్లను 2012లో రద్దు చేశారు. 2013 జనవరిలో నిషిద్ధ ఉత్ప్రేరకాలు వాడిన మాట నిజమేనని టెలివిజన్ ఇంటర్వ్యూలో ఆయనే ఒప్పుకున్నారు. ఆ పుస్తకంలో ఆసుపత్రి అధ్యాయాలు ఈనాటికీ నిలబడతాయి. పందేల అధ్యాయాలను మాత్రం మరో దృష్టితో చదవవలసి ఉంటుంది.

రెండవది ఆధారాలు. ఫలానా రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో ఫలానావారు ఫలానా మాట అన్నారని రాసినప్పుడు, ఆ మాట రచయితకు ఎలా తెలిసిందో పుస్తకంలో ఎక్కడో ఒకచోట ఉండాలి. మూడవది, పుస్తకం మైదానం సరిహద్దు దాటి ఎంత దూరం వెళుతుందన్నది. నాలుగవది, దాన్ని అర్థం చేసుకోవడానికి ఆట నియమాలు ఎంతవరకు తెలిసి ఉండాలన్నది. శైలిని నేను విడిగా లెక్కించలేదు. పై నాలుగూ సరిగా ఉన్న పుస్తకం చదవలేనంత పేలవంగా ఉండడం అరుదు.

| పుస్తకం రకం | ప్రధాన బలం | ప్రధాన లోపం | ఆట తెలిసి ఉండాలా |
|---|---|---|---|
| ఆత్మకథ | లోపలి గొంతు, భయాలు, శిక్షణ వివరాలు | తనకు అనుకూలమైన జ్ఞాపకం | కొంత తెలిస్తే చాలు |
| జీవితచరిత్ర | పరిశోధన, పలువురి సాక్ష్యం | నిడివి, కొన్నిచోట్ల పొడితనం | కొంత తెలిస్తే చాలు |
| ఒక్క మ్యాచ్ లేదా సీజన్ | దగ్గరి చూపు, కథాబలం | మిగతా కాలం కనిపించకపోవడం | పుస్తకమే నేర్పుతుంది |
| ఆట, సమాజం | విస్తృతి, లోతు | ఆట వెనక్కు జరగడం | అవసరం తక్కువ |
| ఆట సమగ్ర చరిత్ర | క్రమం, సందర్భం | పేర్ల జాబితాగా మారే ప్రమాదం | బాగా తెలియాలి |
| గణాంకాలు, విశ్లేషణ | కొలత, వాదనకు ఆధారం | మనుషులు మాయమవడం | బాగా తెలియాలి |

## ఆత్మకథ

ఆత్మకథల్లో అత్యధికం మరొకరి చేత రాయించినవే. క్రీడాకారుడు గంటల తరబడి మాట్లాడతాడు, పాత్రికేయుడో రచయితో దాన్ని పుస్తకంగా మలుస్తాడు. ఇందులో దాచవలసినది ఏమీ లేదు. పైగా మంచి ఆత్మకథ చాలావరకు మంచి సహరచయిత చలవే. 2009లో వచ్చిన ఆండ్రీ అగస్సీ ఆత్మకథను మలిచినవారు జె. ఆర్. మోరింగర్, అట్ట మీద తన పేరు వద్దని ఆయనే అన్నారు. తనను ప్రపంచ ప్రసిద్ధుణ్ణి చేసిన టెన్నిస్‌ను ద్వేషించానని, 1997లో మాదకద్రవ్యం తీసుకుని పరీక్షలో దొరికినప్పుడు అధికారులకు అబద్ధం చెప్పి తప్పించుకున్నానని అగస్సీ అందులో ఒప్పుకున్నారు. ఆట నుండి తప్పుకున్న మూడేళ్లకు రాసిన పుస్తకం కనుకనే ఈ మాటలు వీలయ్యాయని గమనించాలి. రిటైర్మెంట్‌కు ముందు వచ్చిన ఆత్మకథకూ తరువాత వచ్చిన దానికీ మధ్య ఎంపిక ఎదురైతే, రెండవదే తీసుకోండి.

ఆత్మకథను సాక్ష్యంగా తీసుకోవడంలో ఉన్న చిక్కుకు అమెరికా బాక్సర్ మహమ్మద్ అలీ పతకం మంచి ఉదాహరణ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గెలిచిన స్వర్ణ పతకంతో స్వస్థలం లూయీవిల్‌కు వచ్చిన తనకు, నల్లవారికి వడ్డించేది లేదని ఒక హోటల్‌లో చెప్పారని, ఆ ఆగ్రహంతో పతకాన్ని ఒహాయో నదిలోకి విసిరేశానని 1975 నాటి ఆయన ఆత్మకథ చెబుతుంది. పతకం ఎక్కడో పోయిందే తప్ప విసిరేయలేదని ఆయన సన్నిహితులూ, తరువాతి జీవితచరిత్రకారులూ అన్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆయనకు మరో పతకం ఇచ్చారు. ఆ నగరంలో జాతి వివక్ష మాత్రం కల్పన కాదు. అంటే ఆ కథలోని సంఘటన సందేహాస్పదమైనా దాని వెనుక ఉన్న అవమానం నిజం. ఆత్మకథ నుండి ఆశించవలసినది ఈ రెండవ రకం నిజాన్నే. మొదటి రకం నిజం కావలసినవారు వేరే పుస్తకం చూసుకోవాలి.

## జీవితచరిత్ర

క్రీడాకారుడో ఆయన కుటుంబమో సహకరించగా రాసిన జీవితచరిత్రలో ఉత్తరాలు, డైరీలు, ఇంటి ఫొటోలు ఉంటాయి; అందుకు బదులుగా కొన్ని అధ్యాయాలు మెత్తబడి ఉంటాయి. సహకారం లేకుండా రాసినదానిలో స్వేచ్ఛ ఎక్కువ, లోపలి గదుల్లోకి ప్రవేశం తక్కువ. క్రీడాకారుడు మరణించి కొంతకాలం గడిచాక, పత్రాలు బయటపడ్డాక, ఇంకా కొందరు సమకాలికులు బతికుండగా వచ్చిన జీవితచరిత్రలో ఈ రెండు మేళ్లూ కలిసే అవకాశం ఎక్కువ.

ఈ కోవ పుస్తకాన్ని పరీక్షించడానికి ఒక సులువైన పద్ధతి ఉంది: అందరికీ తెలిసిన కథను అది ఎలా చెబుతుందో చూడడం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచిన అమెరికా నల్లజాతి అథ్లెట్ జెస్సీ ఓవెన్స్‌తో కరచాలనం చేయకుండా హిట్లర్ లేచి వెళ్లిపోయాడన్న కథ పాఠ్యపుస్తకాల దాకా పాకింది. తొలిరోజు హిట్లర్ కొందరు విజేతలను మాత్రమే అభినందించడంతో, అభినందిస్తే అందరినీ అభినందించాలి, లేదా ఎవరినీ వద్దని ఒలింపిక్ అధికారులు చెప్పారు. ఆయన బహిరంగ అభినందనలు మానేశాడు. ఓవెన్స్ తొలి స్వర్ణం ఆ తరువాతే. తనను పట్టించుకోనిది తమ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అని, ఒక టెలిగ్రాం కూడా పంపలేదని ఓవెన్స్ స్వయంగా అన్నారు. స్వదేశానికి తిరిగి వచ్చాక బతుకుతెరువు కోసం గుర్రాలతో పోటీపడి పరుగెత్తవలసి వచ్చింది. హిట్లర్ ఘట్టాన్ని నాలుగు పేజీలు రాసి ఈ చివరి సంగతులను ఒక వాక్యంలో ముగించిన పుస్తకం ఓవెన్స్ గురించి రాసినది కాదు, హిట్లర్ గురించి రాసినది.

## ఒక్క మ్యాచ్, ఒక్క సీజన్

నేను అన్నిటికన్నా ముందు సిఫారసు చేసే కోవ ఇది. విస్తీర్ణం తగ్గినందువల్ల రచయితకు ఆగి చూసే తీరిక దొరుకుతుంది. పుస్తకం తనకు కావలసినంత ఆటను తానే నేర్పుతుంది. ఒక మనిషి జీవితంలో ఎన్నో మలుపులుంటాయి కాబట్టి జీవితచరిత్ర రాసేవారు వాటిలో చాలావాటిని దాటవేయక తప్పదు. ఒక్క సాయంత్రం గురించి రాసేవారు దాటవేయడానికి చోటు ఉండదు.

1974 అక్టోబరు 30న ఆఫ్రికా దేశం జైర్ (నేటి కాంగో) రాజధాని కిన్షాసాలో జరిగిన అలీ, జార్జ్ ఫోర్‌మన్ బాక్సింగ్ పోరును తీసుకోండి. అమెరికా టెలివిజన్ వేళల కోసం తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో మొదలైంది. ఇద్దరికీ చెరి యాభై లక్షల డాలర్లు. ఆ పోరుకు దన్నుగా నిలిచినవాడు ఆ దేశ నియంత మొబుటు. సెప్టెంబరులో జరగవలసినది సాధనలో ఫోర్‌మన్ కంటి దగ్గర చీరుకుపోవడంతో వాయిదా పడింది. అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకుంటూ ప్రత్యర్థిని అలసిపోనిచ్చి ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. కొత్తగా స్వతంత్రమైన దేశం పేరు తెచ్చుకోవాలన్న తాపత్రయం, వార్తా ప్రసారాల వ్యాపారం, నల్లజాతి రాజకీయం, ఒక బాక్సర్ శరీర సామర్థ్యం మీద వేసిన లెక్క ఇవన్నీ ఆ ఒక్క రాత్రిలో ఉన్నాయి. ఆ రాత్రి మీద వచ్చిన మంచి పుస్తకం చదివినవారికి బాక్సింగ్ నచ్చకపోయినా ఫర్వాలేదు.

ఇంకా దగ్గరి చూపుకు, ఇంగ్లండ్ బౌలర్లు ఆస్ట్రేలియా బ్యాటర్ల ఒంటికి గురిపెట్టి, లెగ్ సైడ్‌న ఫీల్డర్లను మోహరించి బంతులు వేసిన 1932-33 బాడీలైన్ క్రికెట్ సిరీస్ సరిపోతుంది. అడిలైడ్ టెస్టులో హెరాల్డ్ లార్‌వుడ్ వేసిన బంతి తగిలి ఆస్ట్రేలియా వికెట్‌కీపర్ బెర్ట్ ఓల్డ్‌ఫీల్డ్ పుర్రె ఎముక చిట్లింది. బాడీలైన్ దారుణానికి రుజువుగా ఈ దృశ్యాన్నే చూపుతారు. నిజానికి ఆ సమయంలో లెగ్ సైడ్ మోహరింపు లేదు. ఫీల్డింగ్ మామూలుగానే ఉంది. ఈ ఒక్క వివరం ఉందా లేదా అన్నది చూస్తే, రచయిత ఆనాటి పత్రికలు, సాక్ష్యాలు తిరగేశాడో, పాత కోపాన్ని తిరిగి వడ్డించాడో తెలిసిపోతుంది. కెప్టెన్ జార్డీన్ ఆదేశాల మేరకు బౌలింగ్ చేసిన గని కార్మికుడు లార్‌వుడ్‌ను క్షమాపణ చెప్పమన్నారు, ఆయన నిరాకరించారు, ఇంగ్లండ్‌కు మళ్లీ ఆడలేదు. 1950లో ఆస్ట్రేలియాకే వలస వెళ్లి స్థిరపడ్డారు. నవలకు కావలసినంత కథ ఇందులో ఉంది.

సీజన్ పుస్తకాలకు ఒక నైతిక సమస్య ఉంది, దాన్ని దాచిపెట్టకూడదు. టెక్సాస్‌లోని ఒడెస్సా పట్టణంలో ఒక పాఠశాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుతో 1988 సీజన్ అంతా గడిపిన పాత్రికేయుడు, ఆ పట్టణం ఆట కోసం చదువును ఎలా వెనక్కు నెట్టిందో, నల్లజాతి కుర్రాడు గాయపడగానే అతని పట్ల ఆదరణ ఎలా మారిందో 1990లో పుస్తకంగా రాశారు. ఇంట్లోకి రానిచ్చిన మనిషి తమను బజారుకీడ్చాడని పట్టణం మండిపడింది. ఇలాంటి పుస్తకాల విలువ ఆ దగ్గరితనంలోనే ఉంది. వాటి అపాయమూ అక్కడే ఉంది.

## ఆటను దాటి సమాజంలోకి

ఆట మీద ప్రత్యేక ఆసక్తి లేనివారు నేరుగా ఈ కోవకే రావచ్చు. ఎడమచేతి స్పిన్నర్ పల్వంకర్ బాలూ కథ చూడండి. దళిత కుటుంబంలో పుట్టిన ఆయన పుణేలో హిందువుల జట్టుకు వికెట్లు తీసేవాడు. టీ విరామంలో మాత్రం ఆయనకు పెవిలియన్ బయట, విడిగా మట్టి ముంతలో టీ ఇచ్చేవారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన ఆయనకు హిందువుల జట్టు కెప్టెన్సీ దక్కలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది. స్కోరుకార్డులో కనిపించేది వికెట్ల సంఖ్య మాత్రమే. ఆ ముంత గురించి చెప్పగలిగినది ఈ కోవ పుస్తకమే.

వెస్టిండీస్ మేధావి సి. ఎల్. ఆర్. జేమ్స్ 1963లో వెలువరించిన గ్రంథం ఈ మార్గానికి పునాది రాళ్లలో ఒకటి. నల్లజాతి ఆటగాడు ఫ్రాంక్ వారెల్‌ను వెస్టిండీస్ క్రికెట్ జట్టు కెప్టెన్ చేయాలని పత్రికా సంపాదకుడిగా ఉద్యమించి, 1960లో ఆ మార్పును కళ్లారా చూసిన మనిషి కనుక, వలస పాలన గురించి ఆయన రాసిన ప్రతి మాటకూ మైదానంలో సాక్ష్యం ఉంది. అయితే ఆట ఏమీ తెలియనివారికి అందులో కొన్ని అధ్యాయాలు బరువుగా తోస్తాయి.

మహిళల క్రీడల చరిత్రకు కూడా ఈ కోవే నమ్మదగినది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ మహిళల 800 మీటర్ల పరుగులో క్రీడాకారిణులు కుప్పకూలిపోయారని పత్రికలు అతిశయోక్తులు రాశాయి; ఆ పోటీని తీసేశారు, అది మళ్లీ ఒలింపిక్స్‌కు వచ్చింది 1960లోనే. 1967 బోస్టన్ మారథాన్‌లో 261 నంబరుతో పరుగెత్తిన కాథ్రిన్ స్విట్జర్‌ను ఒక అధికారి పట్టి లాగబోయిన ఫొటో అందరికీ తెలుసు. అంతకు ముందటేడే బాబీ గిబ్ నంబరు లేకుండా ఆ పరుగును పూర్తి చేసిందన్నది చాలామందికి తెలియదు. ఇద్దరినీ చెప్పే పుస్తకాన్ని ఎంచుకోండి.

## ఆట సమగ్ర చరిత్ర, గణాంకాలు

సమగ్ర చరిత్రలను మొదటి అధ్యాయంతోనే అంచనా వేయవచ్చు, ఎందుకంటే ఆటల పుట్టుక కథలన్నీ కల్పనలకు నిలయాలు. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తడంతో రగ్బీ పుట్టిందన్న కథ ఆయన మరణానంతరమే వెలుగులోకి వచ్చింది. అయినా రగ్బీ ప్రపంచకప్ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. 1839లో కూపర్స్‌టౌన్‌లో ఆబ్నర్ డబుల్‌డే బేస్‌బాల్‌ను కనిపెట్టాడని తేల్చిన నివేదిక వచ్చేనాటికి ఆయన చనిపోయి చాలాకాలమైంది. ఆ ఏడాది ఆయన సైనిక విద్యాలయంలో ఉన్నాడు. చెప్పుల్లేని కాళ్లతో ఆడనివ్వనందుకే భారత ఫుట్‌బాల్ జట్టు 1950 ప్రపంచకప్‌కు వెళ్లలేదన్న మాటదీ ఇదే తరహా. ఆనాటి సమాఖ్య ప్రపంచకప్‌కు ప్రాధాన్యం ఇవ్వకపోవడాన్ని వదిలేసి పాదాల కథనే చెప్పే చరిత్రను పక్కన పెట్టవచ్చు.

రికార్డుల సంపుటాలు వరుసగా చదివేవి కావు, దగ్గర ఉంచుకునేవి. క్రికెట్ వార్షిక సంపుటి విజ్డెన్ 1864 నుండి వస్తోందంటేనే ఈ కోవ ఎంత పాతదో తెలుస్తుంది. ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు 99.94 అన్న సంఖ్య దానంతటదే కథ చెప్పదు. 1948లో ఓవల్‌లో ఆఖరి ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు చేస్తే వంద సగటు నిలిచేదని, ఆయన సున్నాకే హోలీస్ బంతికి బౌల్డ్ అయ్యారని తెలిశాకనే ఆ దశాంశాలు బరువెక్కుతాయి.

విశ్లేషణ పుస్తకాలు ఉత్సాహంగా చదివిస్తాయి, కానీ తమ సిద్ధాంతానికి అడ్డువచ్చే మనుషులను పక్కకు తోస్తాయి. తక్కువ ఖర్చుతో గణాంకాల సాయంతో గెలిచిన 2002 నాటి ఓక్లాండ్ బేస్‌బాల్ జట్టు మీద మరుసటి ఏడాది వచ్చిన పుస్తకం జట్ల యాజమాన్యాల ఆలోచననే మార్చింది. అదే జట్టులో ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడు మిగెల్ తెహాదా, ఉత్తమ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) బారీ జీటో ఉన్న సంగతికి అందులో దక్కిన చోటు స్వల్పం.

## ఎవరికి ఏది

పోటీల్లో ఆడుతున్న యువ క్రీడాకారులకు ఆత్మకథే ఇవ్వండి. నా సాధారణ సలహా ఇక్కడ వర్తించదు. ఓటమి తరువాతి ఉదయం ఎలా లేవాలన్నది చరిత్రకారుడు నేర్పలేడు. గాయాలు, ఎంపికలో తిరస్కారం, కోచ్‌తో విభేదాలు వివరంగా ఉన్న ఆత్మకథ గెలుపుల వరుస కన్నా వారికి ఉపకరిస్తుంది. ఆంగ్లంలో చదవడానికి తడబడేవారికి కూడా ఆత్మకథలోని మాటతీరు తేలికగా పట్టుబడుతుంది.

ఆట చూడని, నవలలు ఇష్టపడే పాఠకులకు ఒక్క మ్యాచ్ లేదా సీజన్ పుస్తకం సరైనది. రాజకీయం, చరిత్ర మీద అభిరుచి ఉన్నవారు సమాజ చరిత్రతో మొదలుపెట్టి, అందులో తారసపడిన వ్యక్తి జీవితచరిత్రకు వెళ్లవచ్చు. క్విజ్‌లకు సిద్ధమయ్యేవారికి సమగ్ర చరిత్ర, రికార్డుల సంపుటం రెండూ కావాలి. ఒకటి లేకుండా రెండవది కంఠస్థానికే పనికివస్తుంది.

ఒకే క్రీడాకారుడి ఆత్మకథ, జీవితచరిత్ర రెండూ చదవాలనుకుంటే ఆత్మకథను ముందు చదవండి. జీవితచరిత్ర ముందు చదివితే ఆ తరువాత క్రీడాకారుడి గొంతులో ప్రతి మాటనూ అనుమానిస్తూ కూర్చుంటాం, ఆ గొంతులోని వెచ్చదనం మనకు అందదు.

బహుమతిగా ఇవ్వడానికి ఎంచుకునేవారు ఎదుటివారి అభిమాన క్రీడాకారుడి పుస్తకాన్ని కాకుండా ఆయన ప్రత్యర్థి పుస్తకాన్ని పరిశీలించవచ్చు. తమవాడి గురించి అభిమానికి తెలియనిది తక్కువ. అవతలి డ్రెస్సింగ్ రూమ్ నుండి ఆయన ఎలా కనిపించాడన్నది కొత్త సంగతి.

## కొనేముందు

పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు గెలిచిన మ్యాచ్ ఉన్న అధ్యాయం తెరవకండి, ఓడిపోయిన మ్యాచ్ ఎక్కడుందో వెతకండి. ఓటమికి అంపైర్‌నూ పిచ్‌నూ వాతావరణాన్నీ మాత్రమే కారణాలుగా చూపినచోట మిగతా పుస్తకం కూడా అలాగే ఉంటుంది. ఆ తరువాత చివరి పేజీలకు వెళ్లి రచయిత ఎవరెవరితో మాట్లాడాడో చూడండి. సహచరుల పేర్లే ఉండి ప్రత్యర్థుల పేర్లు ఒక్కటీ లేకపోతే అది సగం పరిశోధన. పదసూచికలో క్రీడాకారుడి మీద వచ్చిన వివాదం పేరు ఉందో లేదో చూడడానికి అర నిమిషం చాలు.

ముద్రణ సంవత్సరం కూడా గమనించాలి. వివాదం తేలకముందు వచ్చిన తొలి ముద్రణకూ, తీర్పు వచ్చాక కొత్త ముందుమాటతో, అదనపు అధ్యాయంతో వెలువడిన ముద్రణకూ మధ్య తేడా పెద్దదే కావచ్చు. చదివి తెలుసుకోవడానికైతే కొత్త ముద్రణ తీసుకోండి. ఆ రోజుల్లో జనం ఏమి నమ్మారో తెలుసుకోవాలన్న కుతూహలం ఉంటే మాత్రం పాతదే కావాలి.